వెలగపండు పట్టాభిషేకం

సూర్యుడు తామ్రకోట బురుజుల మీదికి రెండు బారలు ఎక్కాడో లేదో, నగరంలో చిరుగుబట్టలన్నీ అయిపోయాయి. పాతబట్టల వీధిలో ఒక్క గుడ్డపీలిక దొరకడం లేదు. సేనానుల ఇళ్ళల్లో పట్టుపంచెలను గచ్చుకేసి రాసి రాసి చింపుతున్నారు. సామంతుల దేవేరులు మొగుళ్ళ ఒంటికి బూడిద పులుముతూ, "ఇంకాస్త దీనంగా పెట్టండి మొహం, ఆ మీసం కిందికి దించండి" అని విసుక్కుంటున్నారు.

ఈ వింతకు కారణం చెప్పకుండా ముందుకు పోతే మీరు నన్ను తిట్టిపోస్తారు. అందుకే చెబుతున్నాను, వినండి.

తామ్రగిరి రాజ్యంలో సింహాసనం తండ్రి నుంచి కొడుక్కి పోదు. రాజు పోయిన నలభై ఒకటో రోజున పట్టపుటేనుగు తొండానికి సంపెంగ మాల అందించి కోట ముందు మైదానంలో వదులుతారు. అది ఎవరి మెడలో వేస్తే వారే ప్రభువు. మంత్రులూ, మంత్రుల బంధువులూ మాత్రం ఆ మాలకు మెడ చాపకూడదు. దేవుడు ఏనుగు కళ్ళతో చూసి నిర్ణయిస్తాడని జనం నమ్మకం. ఆ నమ్మకం మీదే ముప్ఫై ఆరేళ్ళలో ముగ్గురు రాజులయ్యారు. మొదటివాడు సింహాసనం మీద కూర్చున్న మరుక్షణం నిద్రపోయాడు, మళ్ళీ లేచినట్టు దాఖలా లేదు. రెండోవాడికి తన పేరు తనకే గుర్తుండేది కాదు. మూడోవాడు పాచికలు వదిలి కిటికీలోంచి తొంగి చూసిన పాపాన పోలేదు. మొన్ననే బూరె గొంతుకడ్డం పడి స్వర్గస్థుడయ్యాడు. ముగ్గురి పేరునా రాజముద్ర వేసిన చెయ్యి మాత్రం ఒక్కటే. అది మహామంత్రి శతానీకుడిది.

ఈసారి శతానీకుడికి ముద్ర చాల్లేదు, కిరీటమే కావాలన్నాడు. మంత్రికి మాల పడితే జనం ఒప్పుకోరు కనుక మాంత్రికుడు మర్కటాక్షుణ్ణి పిలిపించాడు. మర్కటాక్షుడు ఏడు రకాల తైలాలు కాచి పూసేసరికి, నున్నగా మెరిసే మంత్రి బుగ్గలు పీక్కుపోయి, ముక్కు వంకరపోయి, మూడు రోజులుగా మెతుకెరగని ముష్టివాడి మొహం తయారైంది.

"ప్రభూ, ఒక్కటే నియమం. తమరి నోట నిజం రాకూడదు. ఒక్క నిజం పలికారా, ఈ మొహం కరిగిపోతుంది" అన్నాడు మాంత్రికుడు.

శతానీకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి పిచ్చివాడా! నలభై ఏళ్ళుగా పడుతున్న నోమే కదయ్యా అది!"

బిచ్చగాడికే మాల పడుతుందన్న గుసగుస ఎలాగో బయటికి పొక్కింది. ఏ బిచ్చగాడికో, ఎందుకో ఎవరికీ తెలియదు. తెలియకపోతేనేం? ఆశ ఉన్న ప్రతి పెద్దమనిషీ తెల్లారేసరికి ముష్టి ఎత్తడానికి సిద్ధమయ్యాడు.

ఇక ఏనుగు సంగతి. దేవుడు దాని కళ్ళతో చూస్తాడో లేదో నాకు తెలియదు గాని, అది మాత్రం ముక్కుతో చూస్తుంది. పెద్ద మావటి అప్పలసూరి నలభై రోజులపాటు కొండ చాటున గడ్డిబొమ్మ నిలబెట్టి, దాని మెడకు వెలగపండు గుజ్జు పూసి, పట్టపుటేనుగు నీలాద్రి చేత దానికి మాల వేయిస్తాడు. వేస్తే ఒక వెలగపండు ఇస్తాడు, వెయ్యకపోతే గడ్డిపోచ కూడా ఇవ్వడు. చివరి రెండు రోజులూ పస్తు పెడతాడు. జనం దాన్ని ఉపవాస దీక్ష అనుకుని దణ్ణాలు పెడతారు. అసలు రోజున ఎవడి మెడ వెలగ వాసన వేస్తే వాడికే దైవానుగ్రహం. కరి మింగిన వెలగపండు అంటారే, పైకి గుండ్రంగా ఉండి లోపల గుజ్జు ఉండదు. తామ్రగిరి రాజ్యం అలాగే అయింది. పైకి మాత్రం కోటకు ఏటా సున్నం వేస్తూనే ఉన్నారు.

ఈసారీ అప్పలసూరి నోరెత్తకుండా పని ముగించాడు. ముగించిన రాత్రే మంత్రి భటులు అతన్ని పట్టుకుని ఇనుపబోనులో కుక్కారు. బోనును బురుజు మీది దూలానికి తాడుతో వేలాడదీశారు. కింద మొసళ్ళ కందకం. అతని మేనల్లుడు పైడన్నతో, "ఏనుగును సరిగ్గా నడిపించావా, మీ మావను దింపుతాం. తేడా వచ్చిందా, తాడు కోస్తాం" అని చెప్పి వెళ్ళారు.

ఆ పైడన్నే ఇప్పుడు గజశాలలో నీలాద్రి నుదుటికి జాజుతో బొట్లు పెడుతున్నాడు. కొండనైనా ఢీకొనేలా ఉంటాడు గాని ఈ ఉదయం అతను పెట్టే చుక్కలు కాస్తా గీతలవుతున్నాయి. రెండు రోజుల ఆకలి మీదున్న నీలాద్రి అతని మొలవైపే తొండం చాపుతోంది. పని అయ్యాక ఇవ్వాల్సిన వెలగపండు అక్కడే దోపుకుని ఉన్నాడు.

"ఆగరా నీలయ్యా! మా మావ పేనం నీ తొండం సివర ఉందిరా ఇయాల" అని బతిమాలాడు పైడన్న.

అంతలో చంకన బుట్ట, చేతిలో బెత్తం, నుదుట ఇంతలేసి కుంకుమతో ఒక సోదెమ్మ గుమ్మంలో నిలబడి, "సోదె సెప్తానయ్యా, సోదె! జరిగింది సెప్తాను, జరగబోయేది సెప్తాను!" అని రాగం తీసింది.

"ఎల్లెల్లవే! ఇక్కడ పేనాలు పోతుంటే సోదె ఒకటి."

"మరదల్నే గుర్తు పట్టలేనోడివి, ఏనుగు సేత మనిసినేటి గుర్తు పట్టిస్తావు బావా?"

పైడన్న తేరిపార చూశాడు. ఆమె అప్పలసూరి కూతురు నూకాలు! లోపలికి వచ్చి తలుపు ఓరగా వేసి, గొంతు తగ్గించింది.

"మంత్రి ఇంటి ముందు కల్లాపి సల్లుతూ సెవులారా ఇన్నాను. మాల పడినా తాడు కోసేత్తారంట. పడకపోయినా కోసేత్తారంట. సాచ్చికం మిగలకూడదంట."

పైడన్న జాజు గిన్నె కింద పెట్టేశాడు. "మరి నన్నెందుకు నమ్మించారే?"

"నువ్వు నమ్ముతావు గనక! ఇప్పుడు ఏడుత్తూ కూకుంటే అయ్య దిగడు. నాను బురుజెక్కి, తాడు కాడ కాపలా ఉన్న ఆ కోతికళ్ళ మంత్రాలోడికి సోదె సెప్తాను. ఆడి సేతిలో కత్తి కింద పెట్టించి, బోను గట్టుకి లాగేత్తాను. లాగినాక పసుపుగుడ్డ ఊపుతాను. అందాకా మాల పడనీకు."

"మంత్రాలోడికి సోదేటే? నవ్వి తన్ని తరుముతాడు."

"నీకు తెల్దు బావా. ఊరందరికీ తాయెత్తులు కట్టేవోడికే బయం ఎక్కువ. పరువు పోద్దని ఎవలికీ సెయ్యి సూపించుకోలేడు. ఒక్కలు సెప్తే బాగుణ్ణని లోపల కొట్టుకు సత్తాడు."

"ఆకలి మీదున్న ఏనుగే! ఎంతసేపని ఆపను?"

"మావటోడివి కాదా? ఆపు" అనేసి నూకాలు వెళ్ళిపోయింది. పైడన్న దేవుణ్ణి తలుచుకుని నీలాద్రి మెడ మీదికి ఎక్కాడు.

మైదానం ఇసుక వేస్తే రాలనట్టుంది. నాలుగు వైపులా సంపెంగ తోరణాలు, మామిడాకుల పందిళ్ళు, పందిళ్ళ కింద పన్నీటి బుడ్లతో పరిచారికలు, వాళ్ళ వెనక వెండికట్ల బల్లేలతో భటులు. తొమ్మిది జతల నగారాలు ఒక్కసారి మోగితే కోటగోడ మీది పావురాలన్నీ లేచి ఆకాశాన్ని కప్పేశాయి. దుమ్ము అణచడానికి నీళ్ళతిత్తులు మోసుకొచ్చిన దున్నపోతు ఒకటి మాత్రం ఒక పందిరి గుంజ పక్కన నిలబడి ఏమీ పట్టనట్టు నెమరు వేస్తోంది. మైదానం మధ్యలో బారులు తీరి నిలబడ్డారు బిచ్చగాళ్ళు. ఒక బిచ్చగాడికి ఇద్దరు నౌకర్లు గొడుగు పడుతున్నారు. ఇంకొకడి చిప్పకు కెంపులు పొదిగి ఉన్నాయి. సేనాధిపతి గండభేరుండుడు బొజ్జ మీద గోనెపట్టా చుట్టుకుని, "ధర్మం చెయ్యండి బాబూ" అనడం రాక, "ధర్మం చెయ్యండి, ఇది నా ఆజ్ఞ!" అని గర్జిస్తున్నాడు.

నీలాద్రి మైదానంలో అడుగు పెట్టగానే బిచ్చగాళ్ళందరూ మెడలు సవరించుకున్నారు. సంపెంగ మాల తొండం చివర ఊగుతోంది. పైడన్న కాలి బొటనవేళ్ళతో చెవుల వెనక నొక్కుతూ ఏనుగును బారులకు అడ్డదిడ్డంగా తిప్పాడు. ఏనుగు ఎదుటికి రాగానే ప్రతివాడూ కళ్ళు మూసుకుని మెడ చాపడం, అది దాటిపోగానే కళ్ళు తెరిచి పక్కవాణ్ణి తిట్టడం. గండభేరుండుడి దగ్గర నీలాద్రి ఆగింది. బూడిద ఘాటుకు ముక్కు మండి ఒక్క తుమ్ము తుమ్మింది. సేనాధిపతి గోనెపట్టాతో సహా నాలుగు బారల దూరంలో పడ్డాడు.

జనం నవ్వారు. పైడన్నకు నవ్వు రాలేదు. అతని చూపంతా బురుజు మీదే ఉంది. అక్కడ బోను ఊగుతోంది. పసుపుగుడ్డ జాడ లేదు.

బురుజు మీద మర్కటాక్షుడు ఒరలోంచి తీసిన కత్తితో తాడు పక్కనే నిలబడ్డాడు. మెట్లెక్కి వచ్చిన సోదెమ్మను చూసి మొదట కళ్ళెర్ర చేశాడు. ఆమె లెక్కచెయ్యకుండా అతని అరచెయ్యి లాక్కుని, బెత్తం ఆనించి, చప్పున వదిలేసి నాలుగడుగులు వెనక్కి వేసింది.

"ఒద్దులే నాయనా. ఈ సెయ్యి నాను సూడను."

అంతే! మర్కటాక్షుడికి చెమటలు పట్టాయి. "ఏం? ఏముంది? చెప్పవే!"

"మారాజు యోగం ఉంది. ఏనుగెక్కుతావు, పల్లకీ ఎక్కుతావు. కానీ నడిమిట్లో ఇనుము గండం ఉంది నాయనా. ఇయాల్టి పొద్దు నడినెత్తికొచ్చేదాకా సేత్తో ఇనుము ముట్టినావా..." అని నాలుక కరుచుకుంది.

మాంత్రికుడు కత్తిని నిప్పుకణికలా కింద పడేశాడు. నూకాలు దాన్ని కాలితో మెల్లగా వెనక్కి నెట్టి, "మరేటి పని మీదున్నావు నాయనా? పాపం పని అయితే గండం పెద్దదవుద్ది" అంది.

"పాపమేముంది? మాల పడగానే ఈ ముసలి మావటిని మొసళ్ళకు వేస్తాను. సాయంత్రానికి ఆ ఏనుగుకు బెల్లంలో విషం కలిపి పెడతాను. వాడూ పలకడు, అదీ వాసన చూడదు. రాజ్యం కోసం చేసేది పాపం కాదమ్మా!"

బోనులో మోకాళ్ళ మీద తల వాల్చుకుని కూర్చున్న అప్పలసూరి ఈ మాటకు దిగ్గున తలెత్తాడు. ఏలేవాడెవడైతే మనకేటిరా, మన పని ఏనుగుని సూసుకోడం అని ముప్ఫై ఆరేళ్ళుగా తనకు తాను చెప్పుకున్న మనిషి అతడు. తన ప్రాణం పోతుందంటే ఊరుకునేవాడే. నీలాద్రికి విషం అనేసరికి అతని గుండె భగ్గుమంది.

కింద మైదానంలో గాలి మళ్ళింది. నీలాద్రి తొండం పైకెత్తి ఒక్కసారి గాలి పీల్చి గిరుక్కున తిరిగింది. వెలగ వాసన! ఇంక పైడన్న వేళ్ళ నొక్కుళ్ళు దానికి ఆనడం లేదు. అంకుశం దింపడానికి అతనికి చేతులు రాలేదు. చివరి బారులో, పందిరి గుంజకు దగ్గరగా, ఒక బక్క ముష్టివాడు చేతులు జోడించి నిలబడ్డాడు. మెడ నున్నగా మెరుస్తోంది.

"నేనెవరిని నాయనా? గుక్కెడు గంజి కోసం వచ్చినవాణ్ణి. రాజ్యం నాకెందుకు? అధికారం అంటే నాకు అసహ్యం!" అంటున్నాడు అతడు చుట్టూ ఉన్నవాళ్ళతో. ప్రతి అబద్ధానికీ ఆ దీనవదనం మరింత దీనంగా గట్టిపడుతోంది. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు.

ముప్ఫై అడుగులు. ఇరవై. పది. బురుజు మీద పసుపుగుడ్డ లేదు. నీలాద్రి ముష్టివాడి ఎదుట ఆగి, మాల ఎత్తింది. పైడన్న కళ్ళు మూసుకున్నాడు.

"నీలయ్యా! ఆగరా!"

ఆకాశం నుంచి పడ్డట్టు వచ్చిందా కేక. పాలబుగ్గల గున్నగా ఉన్నప్పటి నుంచి తనను సాకిన గొంతు అది. నీలాద్రి మాల గాలిలో ఉండగానే బొమ్మలా నిలిచిపోయింది.

అప్పలసూరి బోను కమ్మీలు పట్టుకుని గొంతు చించుకున్నాడు. "బాబూ! ఇనండి! ఆ మాల దేవుడు ఏయించడం నేదు, నాను ఏయిత్తన్నాను! ఎలగపండు ఆశ సూపించి నేర్పినాను! మూడుసార్లూ నానే! నాను పాపిష్టోణ్ణి బాబూ! ఆడు ముష్టోడు కాడు, మంత్రి!"

మైదానం అంతా బోను వైపు తలెత్తింది. తర్వాత ఎక్కడో ఒక రాయి లేచింది. అది బోనుకు తగిలి ఖంగుమంది.

"దేవుడి ఏనుగు మీద నిందా? కళ్ళు పోతాయి!"

"మూడుసార్లు చేతులెత్తి మొక్కామే, అదంతా ఉత్తిదంటే మేమేమైనట్టు?"

"కొట్టండి వాణ్ణి!"

రాళ్ళ వాన మొదలైంది. ముష్టివాడు తలవంచుకుని, "పాపం, మతిచెడినవాడు. క్షమించండి, నా కోసం క్షమించండి" అంటున్నాడు. జనం అతని మంచితనానికి కరిగి మరో నాలుగు రాళ్ళు బోను మీదికి విసిరారు.

పైడన్నకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెబితే రాళ్ళా! మొలలోని వెలగపండు లాగి అంకుశం కొనకేసి ఫెడేల్మని కొట్టాడు. డిప్ప పగిలి ఘాటైన వాసన గుప్పుమంది.

"దేవుడి మాలే కదా! సూడండి మరి దేవుడు ఎవల్ని కోరుకుంటాడో!" అని అరిచి, చేతికొచ్చిన గుజ్జంతా విసిరికొట్టాడు. ఎవరి మీద పడుతుందో అతను చూసుకోలేదు. అది ముష్టివాడి నెత్తి మీదుగా పోయి, గుంజ పక్కన నెమరు వేస్తున్న దున్నపోతు మెడ మీద చప్పున అతుక్కుంది. దున్నపోతు మీద వాన కురిసినట్టే, అది తోకైనా ఆడించలేదు.

నీలాద్రి ముష్టివాణ్ణి పక్కకు తోసి, రెండడుగులు వేసి, సంపెంగ మాలను కొమ్ముల మీదుగా దున్నపోతు మెడలో వేసింది. నేర్చుకున్న పద్ధతి ప్రకారం ఒకసారి తొండం ఎత్తి నమస్కారం కూడా పెట్టి, ఆబగా ఆ గుజ్జు నాకడం మొదలుపెట్టింది.

ముష్టివాడి గొంతు కీచుగా లేచింది. "నాది! ఆ మాల నాది! గడ్డిబొమ్మకు మెడ కొలత ఇచ్చింది నేను! నలభై రోజులు నేర్పించింది నా కోసం!"

పలికిన నాలుగు ముక్కలూ నిజాలే. వంకర ముక్కు తిన్నగా సాగింది, పీక్కుపోయిన బుగ్గలు బూరెల్లా పొంగాయి, తైలం చుక్కలు చుక్కలుగా కారి నేల మీద పడింది. అందరూ చూస్తుండగా పట్టపగలు మహామంత్రి శతానీకుడు చిరుగుబట్టల్లో నిలబడ్డాడు.

ఇంకేముంది, జనం వాణ్ణి నమిలి మింగేస్తారు అనుకుంటున్నారు కదూ మీరు? నేనూ అలాగే అనుకున్నాను. పైడన్న కూడా అలాగే అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. మనందరం పప్పులో కాలేశాం.

బూడిద దులుపుకుంటూ లేచిన సేనాధిపతి గండభేరుండుడు అటు మంత్రినీ ఇటు దున్నపోతునూ చూశాడు. మొదట దణ్ణం పెట్టినవాడికి ఉండే లాభం అతనికి తెలుసు. ధబేలున దున్నపోతు కాళ్ళ మీద పడి, "మహిష మహారాజుకూ జై!" అని కేక పెట్టాడు. పక్కనున్న సామంతుడు వెనకబడిపోతానని కంగారుపడి, "ఆహా, ఆ గాంభీర్యం చూశారా!" అన్నాడు. గొడుగులు పట్టిన నౌకర్లు పరుగున వచ్చి దున్నపోతుకు గొడుగు పట్టారు. ఒక పూజారి, యముడి వాహనం కనుక ధర్మం తప్పదని తేల్చాడు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే జనమే అక్కడున్నదంతా. "జై! జై!" అంటూ మైదానం దద్దరిల్లిపోయింది.

ఇక శతానీకుడు! వాడి బుద్ధికి దణ్ణం పెట్టాలి. కనురెప్ప వేసినంతసేపే తత్తరపడ్డాడు. మొహాన ఉన్న తైలం తుడుచుకుని, రెండు చేతులూ పైకెత్తాడు.

"ప్రజలారా! మీ కష్టాలు స్వయంగా అనుభవించాలని నేను ముష్టి వేషం వేశాను!"

"ఆహా!" అన్నారు జనం.

"మహారాజు వారి భాష ఈ రాజ్యంలో నాకొక్కడికే తెలుసు!" అని దున్నపోతు మూతి దగ్గర చెవి పెట్టాడు. దున్నపోతు ఊఁ అంది. శతానీకుడు తలాడిస్తూ విని, వినయంగా నాలుగడుగులు వెనక్కి నడిచాడు. "ప్రభువు వారి తొలి ఆజ్ఞ! తమ మాల విషయంలో అబద్ధాలు ప్రచారం చేసిన మావటివాళ్ళను బంధించండి! బోను తాడు కొయ్యండి!"

బురుజు మీద మర్కటాక్షుడు కత్తి కోసం వెతికాడు. ఆ కత్తితో సోదెమ్మ బోనును గట్టు వైపు లాగే కొక్కేన్ని విప్పుతూ కనిపించింది. మోసం అర్థమై ఒక్క గంతు వేసి కత్తి లాక్కున్నాడు. నూకాలు బుట్టలోని కుంకుమ పిడికెడు తీసి వాడి కోతికళ్ళలో కొట్టింది. వాడు గుడ్డిగా విసిరిన వేటుకు తాడు మూడొంతులు తెగింది. బోను ఒక పక్కకు ఒరిగి, ఒక్కొక్క పీచే తెగుతూ కందకం మీదికి జారసాగింది. కింద మొసళ్ళు నోళ్ళు తెరిచాయి.

"నీలయ్యా, మావరా!" అన్నాడు పైడన్న.

అంకుశం అక్కర్లేకపోయింది. నీలాద్రి గుజ్జు వదిలేసి, తోరణాలు తెంచుకుంటూ, నగారాలు తొక్కి పగలగొడుతూ, రాజుగారి గొడుగులను ఈడ్చుకుంటూ పరుగెత్తింది. ముందుకాళ్ళు కందకం అంచున ఆనించి తొండం చాపిందో లేదో, ఆఖరి పీచు పుటుక్కున తెగింది. బోను దంతాల మీద ధనామని పడింది. కిందికి జారబోతుంటే తొండం చుట్టి పట్టింది. ఒక మొసలి ఎగిరి బోను అడుగు కరిచి, ఇనుము తగిలి, వెనక్కి పడింది. నీలాద్రి బోనును గట్టు మీద పెట్టి రెండు కమ్మీలు పీకేసింది. నూకాలు తెగిన తాడు పట్టుకుని గోడ వెంట జారి, ఏనుగు వీపు మీదికి దూకింది.

ఇద్దరూ అప్పలసూరిని పైకి లాగారు. రాళ్ళ దెబ్బలకు అతని నుదురు చిట్లి రక్తం కారుతోంది.

"నన్నెందుకు లాగినారే? నాను సేసిందానికి మొసళ్ళే దిక్కు నాకు" అని ముసలాయన బావురుమన్నాడు.

"తరవాత ఏడువు అయ్యా, ముందు ఏనుగు మెడతాడు పట్టుకో!" అని కసిరింది నూకాలు. కసురుతూనే కొంగు చింపి అతని నుదుటికి కట్టు కట్టింది. 

వెనక గుర్రపు డెక్కల చప్పుడు. బాణాలు రివ్వున పక్కల నుంచి పోతున్నాయి. తూర్పు వీధి సగానికి వచ్చేసరికే ఎదుట నగర ప్రాకారపు తలుపు మూసుకుపోతూ కనిపించింది. ద్వారపాలకుడు గవిరయ్య గొలుసు లాగుతున్నాడు. పైడన్నతో కలిసి ఏట్లో ఈత నేర్చుకున్నవాడు.

"గవిరీ! తలుపు ఒగ్గరా!"

"మహారాజు ఆజ్ఞ!" అని అరిచాడు గవిరయ్య, పైన కాపలా ఉన్న విలుకాళ్ళకు వినబడేట్టుగా.

"ఆ మహారాజు దున్నపోతురా!"

"తెలుసు."

పెద్ద రెక్కలు రెండూ దభీమని కలుసుకున్నాయి. గవిరయ్య అడ్డగడియ వేసి, చెమట తుడుచుకుని, ఏనుగు పక్కగా వచ్చాడు. అతని పెదవులు మాత్రమే కదిలాయి.

"నా పెళ్ళాం నొప్పులు పడతాంది పైడా. తీసినానంటే నా తలకాయ ఇదే గుమ్మానికి కడతారు. నాను తియ్యలేను." ఒక్క క్షణం ఆగాడు. "ఎడమ రెక్క కింది బందు తుప్పట్టిపోనాది. మార్పించండని మూడేళ్ళ నుంచి మొత్తుకుంటన్నా, ఒక్కడూ ఇన్లేదు." వెంటనే రెండు చేతులూ పైకెత్తి, "మహిష మహారాజుకూ జై!" అని గొంతు పగిలేలా అరుస్తూ, గబగబా కుడి పక్కకు తప్పుకున్నాడు.

పైన విలుకాళ్ళు నారి సారించారు. వెనక గుర్రాలు వీధి మలుపు తిరిగాయి. పైడన్న ఎడమ రెక్క వైపు నీలాద్రిని మళ్ళించాడు గాని, రెండు రోజుల పస్తు మీదున్న ఏనుగు, అంత బరువు మోసి అలిసిన ఏనుగు, ఇనుపరేకు తాపడం చేసిన ఆ తలుపును చూసి తొండం ముడుచుకుని వెనకడుగు వేసింది.

అప్పలసూరి పైడన్న భుజం మీదుగా వంగి, రక్తం కారుతున్న చెంపను నీలాద్రి తలకు ఆనించాడు.

"ఈసారి నీకివ్వడానికి నా దగ్గిరేటీ నేదురా అయ్యా. ఊరికే అడుగుతున్నాను. కొట్టరా."

నీలాద్రి చెవులు నిక్కాయి. తల వంచింది, తొండం లోపలికి చుట్టుకుంది, తలుపు మీదికి పరుగు అందుకుంది.